ట్రంపెట్ మౌత్‌పీసు – పెదవికి నప్పేది ఏది?

పెళ్ళి ఊరేగింపు వీధి మలుపు తిరగకముందే బ్యాండు మేళం మన చెవిన పడుతుంది. డోళ్ళ మోతను చీల్చుకుని ఖంగుమంటూ వచ్చే గొంతు ట్రంపెట్‌ది. ఈసారి మేళం మీ ఇంటి ముందు ఆగినప్పుడు కాస్త దగ్గరగా వెళ్ళి చూడండి. వాయించేవారి వేళ్ళు కనిపిస్తాయి, ఉబ్బిన మెడ నరాలు కనిపిస్తాయి. అసలు పని జరిగే చోటు మాత్రం కనిపించదు. అది ఒక చిన్న లోహపు గిన్నె వెనుక దాగి ఉంటుంది. ఆ గిన్నెనే మౌత్‌పీసు అంటారు.

మీ బడిలో బ్యాండు ఉంటే, అందులో మీకు ట్రంపెట్ ఇస్తే, మీరు ఎదుర్కొనే మొదటి చిక్కు ఈ మౌత్‌పీసే. రెండు రోజులు ఊదేసరికి పెదవి మండుతుంది. మూడోరోజు లోపలి వైపు పళ్ళ గాట్లు పడతాయి. నాలుగోరోజు, "ఇది నా వల్ల కాదు" అని వాద్యాన్ని బల్ల మీద పెట్టేస్తారు. అలా పెట్టేసిన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళలో కొందరికి సంగీతం రాక కాదు, మౌత్‌పీసు నప్పక. మరి నప్పేదాన్ని ఎలా పోల్చుకోవాలి? దానికి ముందు అది చేసే పనేమిటో తెలుసుకోవాలి.

ట్రంపెట్ గొట్టంలోకి గాలి ఊదితే ఏమవుతుంది? 'హుస్స్' మంటుంది, అంతే. ఎంత గట్టిగా ఊదినా అంతే. ట్రంపెట్ గాలికి మోగదు, పెదవుల అదురుకు మోగుతుంది. పసిపిల్లలు పెదవులు మూసి 'బుర్ర్' మని ఆడుకుంటారు చూడండి, సరిగ్గా అదే పని. మూసిన పెదవుల వెనుక గాలి ఒత్తిడి పెరిగి వాటిని తెరుస్తుంది. కొంత గాలి బయటికి పోగానే పెదవులు మళ్ళీ మూసుకుంటాయి. మళ్ళీ తెరుచుకుంటాయి. మామూలు ట్రంపెట్ మీద మొదట నేర్పే కింది స్వరానికి ఇలా సెకనుకు 233 సార్లు జరుగుతుంది. దానికి రెట్టింపు పౌనఃపున్యం గల పై స్వరానికి 466 సార్లు. మీరు ఒకసారి రెప్ప వాల్చి ఎత్తేలోగా మీ పెదవులు కొన్ని పదులసార్లు తెరుచుకుని మూసుకుంటాయన్నమాట.

సంక్రాంతికి జంగమదేవర ఊదే శంఖం కూడా ఈ జాతిదే. శంఖానికి కొస కోసి చేసిన రంధ్రమే దాని మౌత్‌పీసు. సన్నాయి సంగతి వేరు. అక్కడ అదిరేది కొసన ఉన్న పీక, పెదవులు దాన్ని పట్టుకుంటాయంతే. ట్రంపెట్‌లో అటువంటి పీక లేదు. మీ పెదవే పీక. పీక చెడిపోతే సన్నాయి వాయించేవారు కొత్తది పెట్టుకుంటారు. పెదవిని మార్చుకోలేం కదా!

గిన్నె, గొంతు, కాడ

మౌత్‌పీసు పొడవు సుమారు 9 సెంటీమీటర్లు. ట్రంపెట్ గొట్టాన్ని వంపులన్నీ తీసి సాగదీస్తే ఒకటిన్నర మీటర్లకు కాస్త తక్కువ. ఆ పొడవు పక్కన ఇదెంత? కాని పెదవికి తగిలేది ఈ భాగమే.

పెదవి మీద ఆనే గుండ్రటి చుట్టు అంచు. అంచు లోపల చిన్న గిన్నె. గిన్నె అడుగున సన్నని రంధ్రం. దాన్ని గొంతు అంటారు, వ్యాసం సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. అక్కడినుంచి గొట్టం మెల్లగా వెడల్పు అవుతూ కాడగా మారి ట్రంపెట్‌లో దూరుతుంది.

ఈ గిన్నె పని తెలుసుకోవడానికి తేలికైన ప్రయోగం ఒకటి ఉంది. మౌత్‌పీసును విడిగా పట్టుకుని, దాని అంచును రెండో చేతి అరచేతి మీద తట్టండి. 'టప్' మని చిన్న శబ్దం వస్తుంది. శ్రద్ధగా వింటే అందులో ఒక స్థాయి ఉన్నట్లు తెలుస్తుంది. అది సుమారుగా సెకనుకు 800 నుంచి 900 కంపనాలు. ఖాళీ సోడా సీసా మూతి మీద అడ్డంగా ఊదితే 'బూ' మంటుంది కదా, ఇదీ అదే సూత్రం. వెడల్పాటి కుహరం, దానికి సన్నని మెడ. ఇటువంటి పాత్రల్లో పుట్టే అనునాదాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 19వ శతాబ్దంలో పరిశోధించాడు. అందుకే వీటిని హెల్మ్‌హోల్ట్స్ అనునాదకాలు అంటారు. ట్రంపెట్ వంటి వాద్యాల మౌత్‌పీసుకు ఈ సూత్రాన్ని అన్వయించి చూపినవారిలో అమెరికా భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ బెనేడ్ ముఖ్యుడు.

లోతు తక్కువ గిన్నెను తడితే ఈ 'టప్' హెచ్చు స్థాయిలో వస్తుంది. లోతైన గిన్నెకు తగ్గు స్థాయిలో. మౌత్‌పీసు తన స్థాయికి దగ్గరలో ఉన్న కంపనాలకు బలం చేకూరుస్తుంది. అందుచేత లోతు తక్కువైతే ట్రంపెట్ గొంతు మెరుపుగా, కొంచెం పలుచగా ఉంటుంది. లోతైతే గంభీరంగా ఉంటుంది, కాని కొత్తవాడు త్వరగా అలసిపోతాడు. పై స్వరాలు తేలిగ్గా పలుకుతాయని ఆశపడి లోతులేని గిన్నె కొనుక్కునేవారు ఉన్నారు. మొదటి ఏడాదిలో అది దొడ్డిదారి. కింది స్వరాలు గట్టిపడకుండా పై స్వరాల వెంట పడటమే అవుతుంది.

ఇందాక చెప్పినదానికి ఇక్కడ ఒక మాట కలపాలి. స్వరాన్ని పెదవులు ఒంటరిగా నిర్ణయించవు. గొట్టంలోకి వెళ్ళిన ధ్వని తరంగంలో కొంత భాగం గంట ఆకారపు మూతి దగ్గర తిరిగి వెనక్కు వస్తుంది. వచ్చి పెదవులను 'ఇప్పుడు తెరుచుకో' అని తట్టినట్లు తడుతుంది. ఊయలను సరైన సమయంలో తోస్తే జోరందుకున్నట్లే పెదవుల అదురు కూడా జోరందుకుంటుంది. అయితే ఆ తట్టు అందుకోవాలంటే పెదవి స్వేచ్ఛగా ఉండాలి. నప్పిన మౌత్‌పీసు అంటే మెత్తగా తగిలేది కాదు, గిన్నె లోపల పెదవిని స్వేచ్ఛగా ఆడనిచ్చేది.

అంకెల తికమక

దుకాణానికి వెళ్ళి మౌత్‌పీసు కావాలంటే '7సి' ఇవ్వాలా, '5సి' ఇవ్వాలా, '11బి4' ఇవ్వాలా అని అడుగుతారు. చెప్పుల సైజు వంటిదే అనుకుంటే పొరపాటు.

7సి, 5సి అనే పద్ధతి విన్సెంట్ బాక్ అనే ఆయనది. పేరు చూసి పాత జర్మన్ సంగీతకర్త బాక్ అనుకోకండి. ఈయన 1890లో ఆస్ట్రియాలో పుట్టాడు. ఇంజనీరింగ్ చదివాడు, ట్రంపెట్ వాయించాడు. అమెరికా చేరి 1918లో న్యూయార్కులో మౌత్‌పీసులు చేయడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతిలో అంకె పెరిగితే గిన్నె వెడల్పు తగ్గుతుంది. విద్యుత్ తీగల గేజి లాగ అన్నమాట. 18 గేజి కన్నా 22 గేజి తీగ సన్నం కదా! అంకె పక్కన అక్షరం లోతును చెబుతుంది. 'ఎ' బాగా లోతు, 'సి' మధ్యస్థం, 'ఇ' తక్కువ లోతు.

జపాన్ వారి యమహా పద్ధతి దీనికి సరిగ్గా తలక్రిందులు. అంకె పెరిగితే వెడల్పు పెరుగుతుంది. 'ఎ' తక్కువ లోతు, 'ఇ' ఎక్కువ లోతు. యమహా వారి 11బి4 కొత్తగా నేర్చుకునేవారికి ఇచ్చేదే, బాక్ 7సికి దగ్గరి చుట్టం. ఒకరి పట్టిక పట్టుకుని మరొకరి సరుకు కొంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పోనీ మిల్లీమీటర్లు చూద్దామా? బాక్ పట్టికలో 7సి గిన్నె లోపలి వ్యాసం 16.20 మిల్లీమీటర్లు, 5సి 16.25, 3సి 16.30. అంటే 7సికి, 5సికి తేడా ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మీ తలవెంట్రుక కూడా సాధారణంగా అంతకన్నా లావుగానే ఉంటుంది. మీ బడి ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ ఉంటే దాని కనీసపు కొలత 0.1 మిల్లీమీటరు. దానితో ఈ రెంటినీ కొలిచి వేరు చెప్పలేరు. ఇంకా తమాషా, యమహా పట్టికలో 11బి4 వ్యాసం 16.46. చుట్టాలన్నవాటి మధ్య ఇంత తేడా ఎందుకు? అంచు లోపలి వైపుకు గుండ్రంగా వాలిపోతుంది. గోడ లాగ నిట్టనిలువుగా ఉండదు. అంచు ఎక్కడ ముగిసి గిన్నె ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. పైనుంచి ఎంత లోతున కొలవాలనే విషయంలో తయారీదారులందరూ ఒక్క మాట మీద లేరు. అన్నం గిన్నె అంచు దగ్గర ఒకసారి, వేలెడు కింద ఒకసారి స్కేలు పెట్టి చూడండి, సంగతి తెలుస్తుంది.

అయినా పెదవికి తేడా తెలుస్తుంది! అది ఒళ్ళంతటిలో మహా చురుకైన చోట్లలో ఒకటి. కళ్ళు మూసుకుని రెండు పెన్సిలు మొనలను దగ్గర దగ్గరగా తాకించుకుంటే, కొద్ది మిల్లీమీటర్ల దూరాన్నయినా పెదవి 'ఇవి రెండు' అని పోల్చుకుంటుంది. వీపు మీదైతే మూడు నాలుగు సెంటీమీటర్లు ఎడం ఉంటేగాని పోల్చుకోలేం. మీ స్నేహితుని సాయంతో, మెల్లగా, మొనలు మొద్దుబార్చి చేసి చూడండి.

కాబట్టి అంకె దారి చూపిస్తుంది, అంతే. మొదటిసారి కొనేవారు బాక్ 7సి గాని, 5సి గాని, యమహా 11బి4 గాని, మరో కంపెనీది అటువంటి మధ్యరకం గాని తీసుకుంటే చాలు. అంచు మరీ సన్నం కాకుండా, మరీ వెడల్పు కాకుండా ఉండాలి. సన్నని అంచు గాటు పెడుతుంది. వెడల్పు అంచు ఒత్తిడిని ఎక్కువ వైశాల్యం మీద పంచుతుంది గనుక మొదటి రోజు దిండులా హాయిగా ఉంటుంది. బలం అదే అయినా వైశాల్యం పెరిగితే పీడనం తగ్గుతుందని మీరు చదువుకున్నారు. కాని దానికీ ఒక ఖరీదుంది. పెదవిలో ఎక్కువ భాగాన్ని అంచు కప్పేస్తే, ఒక స్వరం నుంచి మరో స్వరానికి మారేటప్పుడు పెదవి బరువుగా కదులుతుంది.

"మాస్టారూ, నా పెదవులు లావు. నాకు ట్రంపెట్ రాదంటున్నారు" అని ఒకసారి ఎనిమిదో తరగతి కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. బ్యాండులోని పెద్ద పిల్లలు అన్నారట. లావు పెదవులకు పెద్ద గిన్నె, సన్న పెదవులకు చిన్న గిన్నె అనే మాట చాలాచోట్ల వింటాం. దాన్ని నమ్మి ఎవరినీ పక్కకు నెట్టకూడదు. లావు పెదవులతో చిన్న గిన్నె మీద గొప్పగా వాయించినవారు ఉన్నారు, సన్న పెదవులతో పెద్ద గిన్నె మీద వాయించినవారూ ఉన్నారు. పెదవి మందం కన్నా వెనుక ఉన్న పళ్ళ వరుస ముఖ్యం. ఒక పన్ను ముందుకు వస్తే అంచు బరువంతా దాని మీదే పడుతుంది. ఇంతకూ ఆ కుర్రాడి మౌత్‌పీసు తెప్పించి అంచు చుట్టూ గోరు పోనిచ్చి చూశాం. ఒకచోట నొక్కు పడి ఉంది, వెండి పూత సగం పోయింది. ఎన్ని చేతులు మారి వచ్చిందో! వేరేది ఇచ్చాక వారం తిరిగేసరికి పెదవి మానింది. పాట మాత్రం అంత త్వరగా రాలేదు, అది వేరే సంగతి.

అదమడం

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నొప్పి అన్నప్పుడల్లా తప్పు మౌత్‌పీసుది కాదు. పై స్వరం పలకకపోతే కొత్తవాడు చేసే మొదటి పని, ట్రంపెట్‌ను మూతికేసి అదమడం. మీ బొటనవేలి గోరును నొక్కి చూడండి. ఎర్రగా ఉన్నది తెల్లబడుతుంది, వదలగానే మళ్ళీ ఎరుపెక్కుతుంది. నొక్కినంతసేపూ అక్కడికి రక్తం సరిగా అందలేదన్నమాట. పెదవికీ అంతే. రక్తం అందని కండరం త్వరగా అలుస్తుంది, మొద్దుబారుతుంది. అప్పుడు ఇంకా అదుముతాం. ఏ గొప్ప మౌత్‌పీసైనా ఈ అలవాటు ముందు ఓడిపోతుంది.

జాజ్ సంగీతంలో ప్రపంచ ప్రసిద్ధుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ (1901–1971) పెదవి గాయాలతో ఏళ్ళ తరబడి బాధపడ్డాడు. 1930ల నడుమ కొంతకాలం వాయించడమే ఆపవలసి వచ్చింది. నోటి చుట్టూ వలయంలా ఉండే కండరం ట్రంపెట్ వాయించేవారిలో చిరిగిపోవడం గురించి 1982లో ఒక వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు శాచ్‌మో మీదుగా దానికి 'శాచ్‌మో సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అది ఏళ్ళ కొద్దీ గంటల తరబడి వాయించేవారికి వచ్చే జబ్బు. రోజుకు పావుగంట నేర్చుకునే మీరు దాని గురించి భయపడనక్కర్లేదు. కాని నొప్పిని ఓర్చుకోవడమే సాధన అని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

పరీక్ష పెట్టండి

రెండు మౌత్‌పీసులలో ఏది మంచిదో తేల్చుకోవాలి. ఎలా? కొత్తదేదైనా మొదటి రోజు బాగానే అనిపిస్తుంది. ఖరీదైనదని తెలిస్తే ఇంకా బాగా అనిపిస్తుంది. ఈ మాయలో పడకుండా ఉండటానికి శాస్త్రవేత్తలు వాడే ఉపాయం మనమూ వాడుకోవచ్చు.

రెండింటినీ కడిగి మీ స్నేహితుని చేతికివ్వండి. వాటికి 'క', 'చ' అని పేర్లు పెట్టమనండి. ఏది క, ఏది చ అన్నది అతనికి తప్ప మీకు తెలియకూడదు. అంకెలు చెక్కి ఉన్న కాడను ట్రంపెట్‌లో పెట్టి అతనే అందించాలి, మీరు కళ్ళు మూసుకోవాలి. ఒక్కొక్కదానితో అవే స్వరాలు, పది నిమిషాలు, మెల్లగా. మధ్యలో అంతసేపూ విశ్రాంతి. కింది స్వరం నిండుగా పలికిందా, పెదవి ఎక్కడైనా గుచ్చుకుందా, చివరి నిమిషంలో ఎలా ఉంది అన్నవి స్నేహితుడు నోటుపుస్తకంలో రాయాలి. స్వరం ఎలా ఉందో పది అడుగుల దూరంలో నిలబడి అతనే వినాలి. వాయించేవారికి వినిపించేదీ ఎదుటివారికి వినిపించేదీ ఒకటి కావు. తరువాత అద్దం చూసుకోండి. పెదవి మీద లేత ఎర్రని వలయం ఉండటం సహజం, కాసేపట్లో పోతుంది. ఒకవైపే లోతుగా గాడి పడినా, చర్మం చిట్లినా, గంట తరువాత కూడా మొద్దుబారి ఉన్నా అది మీకు పనికిరాదు, లేదా మీరు అదుముతున్నారు. ఏ సంగతో మీ బ్యాండు మాస్టారికి చూపిస్తే చెబుతారు.

రెండోరోజు వరుస మార్చండి. రెండోసారి వాయించేటప్పటికి పెదవి ఎలాగూ అలసి ఉంటుంది కదా! కనీసం నాలుగు రోజులు చేస్తే గాని మాట తేలదు. తేలాక ఇక మార్చకండి. ఒక్కదానితోనే కొన్ని నెలలు సాగండి. వారానికొకటి మార్చేవారి కండరాలకు ఏదీ అలవాటు కాదు.

పాలపళ్ళు ఊడి ముందుపళ్ళు ఇంకా పూర్తిగా రానివారు కొన్నాళ్ళు ఆగడం మంచిది. పళ్ళకు తీగ కట్టించుకున్నవారు దంతవైద్యుని అడిగి మొదలుపెట్టాలి. తీగ మీద పెట్టుకునే మైనం దొరుకుతుంది.

ఇక లోహం సంగతి. మౌత్‌పీసు సాధారణంగా ఇత్తడిది, పైన వెండి పూత. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెరుగు పోస్తే చిలుమెక్కుతుందని మీ అమ్మమ్మనడిగితే చెబుతుంది. ఇక్కడ వెండి పూత చేసేది కళాయి చేసే పనే. పూత పోయి పసుపురంగు బయటపడితే చెమట, ఉమ్ము తగిలి కొందరికి పెదవి దురద పెడుతుంది, మండుతుంది. వెండి సరిపడనివారికి బంగారు పూతవి ఉన్నాయి, ప్లాస్టిక్‌వీ ఉన్నాయి. ప్లాస్టిక్ వేడిని త్వరగా పీల్చుకోదు గనుక చలిలో పెదవికి చల్లగా తగలదు. మన దగ్గర చలి కన్నా ఎండతోనే పేచీ. కవాతు మైదానంలో ఎండకు పెట్టిన మౌత్‌పీసును నేరుగా పెదవికి ఆనించి చూస్తే తెలుస్తుంది! జేబులో పెట్టుకోండి.

ఇత్తడి సామాను కదా అని చింతపండు, బూడిద పెట్టి తోమకండి, పూత గీసుకుపోతుంది. గోరువెచ్చని సబ్బునీళ్ళు, సన్నని బ్రష్షు చాలు. బడి బ్యాండులో ఒకే మౌత్‌పీసును నలుగురు వాడటం మామూలే. ఒకరి పెదవి మీద నీటిపొక్కులుంటే అవి రెండోవారికి అంటుకుంటాయి. గొట్టం ఉమ్మడిగా ఉన్నా ఫరవాలేదు, మౌత్‌పీసు మాత్రం ఎవరిది వారికుండాలి. మొత్తం వాద్యం ఖరీదులో అది చిన్న భాగమే.

చివరికి కాడ. కార్నెట్ అనే చిన్న వాద్యం ఒకటుంది, చూడటానికి ట్రంపెట్ లాగే ఉంటుంది. దాని మౌత్‌పీసు కాడ సన్నం, ట్రంపెట్‌లో మరీ లోపలికి దిగిపోతుంది. కొనేముందు మీ వాద్యాన్ని వెంట తీసుకువెళ్ళి పెట్టి చూసుకోండి. మెల్లగా దూర్చి, కొద్దిగా తిప్పితే బిగుసుకుంటుంది. అరచేత్తో కొట్టి దించకండి. ఒకవేళ ఇరుక్కుపోతే పట్టుకారుతో లాగవద్దు, గొట్టం మెలిపడుతుంది. వాద్యాలు బాగుచేసేవారి దగ్గర దీనికోసమే చేసిన మరలాగుడు పనిముట్టు ఉంటుంది. దానితో నిమిషంలో వచ్చేస్తుంది.